తువ్వాలు కుర్చీలో తౌడమ్మ

మెంతులవలస వాళ్ళంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల పది ఊళ్ళలో లేరు. ఆ సంగతి మెంతులవలస వాళ్ళే చెప్పారు కాబట్టి అనుమానం అక్కర్లేదు. మిగతా ఊళ్ళలో ఒక మాట నిజమో కాదో తేలాలంటే సాక్ష్యాలు, ప్రమాణాలు, వారం రోజుల రచ్చ. వీళ్ళకి ఆ బాధే లేదు. ఒకసారి ఊరిపెద్ద పైడినాయుడు మండలాఫీసుకి వెళ్ళి, పొద్దుట్నించి సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడి ఓ రహస్యం కనిపెట్టుకొచ్చాడు. అక్కడ వెనక తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ ఒక్కటే ఉంది. అందులో కూర్చున్నాయన ఏమన్నా అందరూ "చిత్తం" అంటున్నారు. పక్కన నిలబడ్డ ప్యూను ఏమన్నా ఎవరూ అనడం లేదు. అంతే! ఊరంతా కలిసి ఓ కుర్చీ, ఓ తెల్ల తువ్వాలు తెచ్చుకున్నారు. అందులో కూర్చుని చెప్పింది నిజం, నిలబడి చెప్పింది వట్టిది.

ఈ ఏర్పాటుకి అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది తౌడమ్మ. వారం వారం ఆ తువ్వాలు ఉతికి, గంజి పెట్టేది ఆవిడే మరి.

ఓనాటి మధ్యాహ్నం తౌడమ్మ పెద్ద సత్తు పళ్ళెంలో వడియాలు పెట్టి పెరట్లో ఎండబెట్టింది. ఇంతలో సుడిగాలి లేచింది. వడియాలు పెరట్లో, పళ్ళెం ఆకాశంలో! లబోదిబోమంటూ దాని వెనకాల పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే రచ్చబండ దగ్గర సుదర్శనంగారు ఆ కుర్చీలో ఉన్నారు. ఆయన రిటైరైన పెద్దాఫీసరు. చుట్టపుచూపుగా వస్తే ఊరివాళ్ళు మర్యాదకి కూర్చోబెట్టారు. కళ్ళజోడు జేబులో ఉంది. ఆకాశంలో గుండ్రంగా తళుక్కుమన్నది చూసి ఆయన చెయ్యెత్తి, "అదిగో! వేరే గ్రహం వాళ్ళ వాహనం!" అన్నారు.

"సరిగ్గా సూసినారా బాబూ?" అన్నాడు పైడినాయుడు.

"ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేశానయ్యా! జిల్లా అంతా నా సంతకం మీద నడిచింది. నాకు కనిపించాక అది లేకుండా ఎలా ఉంటుంది? పెద్ద పెద్ద దేశాల్లో నాకంటే పెద్దాఫీసర్లే ఇలాంటి వాహనాలున్నాయని చెప్పారు."

"ఆళ్ళు సూసినారా?"

"వాళ్ళకి వాళ్ళ పై ఆఫీసర్లు చెప్పారు."

"మరి ఆళ్ళకి?"

"వాళ్ళ పైవాళ్ళు."

పైడినాయుడికి ఒళ్ళు పులకరించింది. అంత పైనుంచి దిగిన మాటకి తిరుగేముంది!

తౌడమ్మ రొప్పుతూ వచ్చింది. "నాయుడు బావా, అది నా వడియాల పల్లెం!"

"నిలబడి సెప్తన్నావు తౌడమ్మా," అన్నాడాయన నొచ్చుకుంటూ.

తౌడమ్మ కిందికి చూసుకుంది. నిజమే, కాళ్ళ మీదే ఉంది. సిగ్గేసి ఊరుకుంది.

ఇంతలో గాలి తగ్గి పళ్ళెం ఠంగున వచ్చి వాళ్ళ ముందే పడింది. పైడినాయుడు తిప్పి చూశాడు. అంచు మీద చెక్కిన అక్షరాలు: తౌడమ్మ.

ఇంకేముంది! వాహనం వేరే గ్రహంవాళ్ళది, దాని మీద పేరు తౌడమ్మది. కాబట్టి తౌడమ్మ వేరే గ్రహం మనిషి. ఇంత చక్కని లెక్క ఇంకెవరికి తడుతుంది? అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. అందరికంటే ఎక్కువ వెనక్కి వేసినవాడు ఆవిడ మొగుడు గురువులు.

"పాతికేళ్ళు కాపరం సేసినావు, ఒక్కసారైనా సెప్పినావేటే!"

"నాకే తెల్దు మావా!" అంటూ బావురుమంది తౌడమ్మ. ఇల్లు, మొగుడు, పెరట్లో చెల్లాచెదురైన వడియాలు, అన్నీ వదిలేసి ఎరగని చోటికి ఎలా వెళ్ళడం? అక్కడ ఉప్పైనా దొరుకుతుందో లేదో!

"సగౌరవంగా సాగనంపండి," అన్నారు సుదర్శనంగారు కుర్చీలోంచి.

అంతే. తౌడమ్మకి బొట్టు పెట్టారు, రవికెల గుడ్డ పెట్టారు, పళ్ళెంలో కూర్చోబెట్టారు. పదిమంది చేటలతో విసిరారు. పళ్ళెం కదల్లేదు. "బరువెక్కువైంది," అని దారిలో తినడానికి ఇచ్చిన అరిసెలు తీసుకుని తలొకటీ తినేశారు. అయినా కదల్లేదు. "ఆకాశం దూరమైపోనాది," అన్నాడు గురువులు. అందుకని ఆవిణ్ణి పళ్ళెంతో సహా పెంకుటింటి మీదికెక్కించి ఒక్క తోపు తోశారు. పెంకులు పటపటా విరిగాయి, తౌడమ్మ జర్రున జారి గడ్డిమేట్లో పడింది. పళ్ళెం వెళ్ళి గేదె నెత్తిన పడింది. గేదె సందంతా పరుగు పెట్టింది.

వాహనం లేస్తుందేమో చూద్దామని సుదర్శనంగారు కుర్చీలోంచి లేచి మునివేళ్ళ మీద నిలబడ్డారు. నడుం పట్టేసిన తౌడమ్మ కుంటుకుంటూ వచ్చి, ఖాళీగా ఉంది కదా అని కుర్చీలో కూలబడింది.

"అది నా వడియాల పల్లెమే! నాను ఈ ఊరిదాన్నే!" అని ఏడ్చింది.

"నిజమే!" అన్నారు ఊరంతా ఒక్క గొంతుతో. గురువులైతే ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను కళ్ళారా చూశాను!" అని గింజుకున్నారు సుదర్శనంగారు.

"నిలబడి సెప్తన్నారు బాబూ," అన్నాడు పైడినాయుడు.

తౌడమ్మకి కొండంత భారం దిగింది. జన్మలో మొదటిసారి ఆవిడ మాట ఊరంతా నమ్మింది! తాను ఉతికిన తువ్వాలుతోనే ముఖం తుడుచుకుని, హాయిగా వెనక్కి వాలి, "అమ్మయ్య! ఈ ఎండకీ ఈ దెబ్బలకీ సచ్చిపోనాను బాబూ!" అంది.

కుర్చీలో కూర్చుని చెప్పింది కదా! గురువులు గొల్లుమన్నాడు. తౌడమ్మకీ గుండె ఆగినంత పనైంది. తానే అన్నది, అక్కడే కూర్చుని అన్నది. ఇంక కాదనడానికేముంది?

పాడె కట్టే తీరిక ఎవరికీ లేక కుర్చీతోనే ఎత్తారు. తువ్వాలు తీసి మీద కప్పారు. "వడియాలు ఏరి లోపలెట్టు మావా," అని గురువులుకి అప్పగింతలు పెట్టింది తౌడమ్మ.

"అదేమిటయ్యా! మాట్లాడుతోంది కదా! బతికే ఉంది!" అని అరిచారు సుదర్శనంగారు.

"మీరేటి కూకుని సెప్తన్నారా?"

"అయితే ఆ కుర్చీ ఇటివ్వండి!"

"అందులో శవముంది గదా బాబూ," అన్నాడు పైడినాయుడు ఓపిగ్గా.

శ్మశానం దారి పట్టారు. సుదర్శనంగారు పంచె ఎగ్గట్టి పక్కనే పరిగెత్తారు. "అమ్మా తౌడమ్మా! కుర్చీలో ఉన్నావు కదా! బతికున్నానని ఒక్క మాటనమ్మా, నీకు పుణ్యముంటుంది! అందరూ నమ్ముతారు!"

తౌడమ్మ తువ్వాలు కాస్త పక్కకి తీసి ఆయనకేసి జాలిగా చూసింది. అంత సర్వీసు చేశాడు, ఈ పాటి తెలీదు పాపం!

"సచ్చినోళ్ళు మాటాడతారేటి బాబూ?" అని చెప్పి, మళ్ళీ ముసుగేసుకుని గట్టిగా నోరు మూసుకుంది.