సుభద్రాయమ్మగారి ఇల్లు, దివానుగారి ముక్కు

1893 నవంబరు 16, గురువారం. మూడు రోజులుగా విడవని ముసురు. నీలగెడ్డ సంస్థానాధీశులు నరపతిరాజుగారు పోయిన మేనత్తగారి ఇంట్లోకి ఇలా వెళ్ళి అలా బయటికి వచ్చేసి, వానలోనే నిలబడి ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మేనత్త సుభద్రాయమ్మగారు గాలి తగిలితే వాతం చేస్తుందని ముప్ఫై ఏళ్ళు ఒక్క కిటికీ తెరవనివ్వలేదు. ఒంటికి నాలుగు రకాల తైలాలు, మంచం కింద ఐదు రకాల కషాయాలు. తొంభై ఒకటో ఏట ఆవిడ పోతే, ఎవరో కిటికీ తెరిచి ఉంటారని వైద్యుడు తేల్చాడు. ఆ వైద్యుడి సంగతి వేరే కథ. ఆవిడ పోయారు గానీ వాసన పోలేదు.

ఇల్లు అమ్మి, వచ్చిన సొమ్ము వంటమనిషి పైడమ్మకీ, తోటమాలి లచ్చన్నకీ చెరిసగం ఇమ్మని ఆవిడ వీలునామా రాశారు. కానీ కొనేవాడేడీ? చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. దివాను జగ్గరాజుగారి బావమరిది ఒక్కడే, "పోనీ, గుమ్మాల కలప ఖరీదు ఇస్తాను" అంటున్నాడు.

రాజుగారికి విసుగొచ్చింది. "ఆదివారం గోనెసంచుల వర్తకుడు లింగమూర్తి శెట్టిగారు వస్తున్నారు. ఆయన ఆ ఇంట్లో తనంతట తాను కూర్చుంటే సరే. నిలబడే వెళ్ళిపోయారా, ఇల్లు దివానుగారి బావమరిదికే!"

పైడమ్మ ఆ గుమ్మాల కేసి చూసింది. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మనిషికి మిగిలింది గుమ్మాల కలపలో సగమా!

"ప్రభూ, ఆ ఇంటికి పరిమళం అద్దే పని నాకు వదలండి" అన్నారు జగ్గరాజుగారు.

జగ్గరాజుగారి ముక్కు సంస్థానంలో పేరుమోసిన ముక్కు. తమలపాకు వాసన చూసి ఏ తోటదో చెప్పేవారు. తోటవాళ్ళు ముందే వచ్చి చెప్పిపోయేవారనుకోండి. ఇరవై ఏళ్ళ నశ్యం దెబ్బకి ఆ ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందని పైడమ్మకి ఒక్కదానికే తెలుసు. ఓసారి అడుగంటి మాడిపోయిన పాయసం తాగి, "ఆహా, ఏం యాలకుల ఘుమఘుమ!" అన్నారాయన.

శుక్రవారం దివానుగారు మనుషులతో వచ్చి, తలుపులేయించి, అరవై సీసాల అత్తరు గుమ్మరించి వెళ్ళారు.

"ఇప్పుడెలాగుందంటావు పైడమ్మా?" అన్నాడు లచ్చన్న, తలపాగా ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఎలాగుంటాది? కంపు పెళ్ళికి ముస్తాబైనట్టుంది."

శనివారం ఇద్దరూ నడుం కట్టారు. ఇరవై రెండు కిటికీలు గొడ్డలి పిడితో కొట్టి తెరిచారు. తైలం మరకలు కుంకుడు రసంతో రుద్దారు. గోడలకి సున్నం వేసి, వాకిళ్ళకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లారు. అప్పటికీ ఏదో కంపు. కొత్త కంపు. పైడమ్మ నిచ్చెన వేసుకుని పడకటింటి అటక ఎక్కింది.

ఇత్తడి గుండిగ వెనకాల ఈతాకుల బుట్ట. మూతికి గుడ్డ. లోపల కుళ్ళిన చేపలు.

లచ్చన్న మండిపడ్డాడు. "పద, రాజుగారితో చెబుదాం!"

"చెబితే నేనే పెట్టానంటారు దివాన్ బాబు. వంటమనిషికీ చేపకీ దూరమెంత? నోరు మూసుకుని గొయ్యి తవ్వు" అంది పైడమ్మ.

ఆదివారం ముసురు విడిచింది. రాజుగారు, దివానుగారు, శెట్టిగారు గుమ్మంలో అడుగు పెట్టారు. శెట్టిగారు గాలి పీల్చి ఏదో అనబోయేలోగా జగ్గరాజుగారు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నారు.

"రామ రామ! ఏం కంపు! శెట్టిగారూ, లోపలికి రాకండి. నా అత్తరు కూడా ఓడిపోయింది!"

"నాకేం రావడం లేదే?" అన్నారు రాజుగారు.

"ప్రభువులది సుకుమారమైన ముక్కు. ఇలాంటి నీచపు వాసనలు అంతదాకా రావడానికి జంకుతాయి."

పైడమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "నా ముసలి ముక్కుకీ అందలేదు బాబూ. ఏటి వాసనో, ఎక్కడిదో తమరే సెలవియ్యాలి."

పొగిడితే ఆగే మనిషి కాదు జగ్గరాజుగారు. కళ్ళు మూసుకున్నారు. పడకటింటి వైపు మూడడుగులు వేశారు. చూపుడు వేలెత్తారు.

"చేప. కుళ్ళిన చేప. అటక మీద. ఇత్తడి గుండిగ వెనకాల."

"గుండిగ కూడా తెలిసిపోనాదా బాబూ!"

"గుండిగేమిటే, ఈతాకుల బుట్ట! మూతికి గుడ్డ!"

"గుడ్డ ఏ రంగు బాబూ?"

"ఎర్ర..."

దివానుగారు ఉత్తరీయంతో ఈసారి నోరు మూసుకున్నారు. రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. ఆయన సైగ చేస్తే భటుడు అటక ఎక్కి, గుండిగ వెనక చెయ్యి పెట్టి, తాజా దవనం మోపొకటి కిందికి దించాడు.

"బుట్టేదే?" అన్నారు రాజుగారు.

పైడమ్మ దణ్ణం పెట్టింది.

"నిన్ననే తీసి పాతేశాను మారాజా. ఎర్రగుడ్డే. దివాన్ బాబుకి వచ్చింది వాసన కాదు, గ్యాపకం!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వకూడని భటుడు దవనంలో మొహం దాచుకుని నవ్వాడు. ఈ గొడవలో శెట్టిగారిని అందరూ మరిచిపోయారు. ఆయన మాత్రం వంటింట్లోంచి వస్తున్న వాసన వెంట నడిచి వెళ్ళారు. అక్కడ పొయ్యి మీద వెన్న కాగుతోంది, అందులో మునగాకు చిటపటలాడుతోంది. శెట్టిగారు చెప్పులు విడిచి, పీట వాల్చుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"అమ్మా, అన్నం కూడా వండావా?"

ఇల్లు శెట్టిగారికి దక్కింది. దాని సొమ్ము పైడమ్మకీ లచ్చన్నకీ చెరిసగం. రాజుగారి చేతి బంగారు కడియం పైడమ్మకి అదనం. దివానుగారి బావమరిదికి ఏమీ లేదు. దివానుగారికి ఆ సాయంత్రం నుంచి ఉద్యోగం కూడా లేదు.