లేని స్తంభాల చుట్టూ

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరైనా నన్ను ‘ఇంజినీరుగారూ’ అని పిలిస్తే సరిదిద్దను. ఎదుటివాళ్ళని చిన్నబుచ్చడం నా స్వభావం కాదు. నేను చదివింది పదో తరగతి. అదీ రెండు విడతల్లో. గీతలు గీయడం పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. కట్టడం మౌలాలి మేస్త్రిగారి చెయ్యి చూసి నేర్చుకున్నాను. కానీ గవ్వలదిన్నె జనం అంత ప్రేమగా పిలుస్తుంటే కాదని ఎలా అంటాం?

గవ్వలదిన్నె సముద్రం పక్క ఊరు. అక్కడ తెల్లగుడి అని ఒక పాత చర్చి ఉంది. ఊరివాళ్ళ తాతల తాతలు గవ్వలు ఏరి, కాల్చి, ఆ సున్నంతో కట్టుకున్న చర్చి. లోపల నాలుగు లావుపాటి స్తంభాలు, ఉత్తరం వైపు తల వంచి దూరాల్సిన చిన్న తలుపు. జనం నేలమీద చాపలు పరుచుకుని కూర్చుంటారు, ఆడవాళ్ళు కుడివైపు, మగవాళ్ళు ఎడమవైపు.

పైకప్పు కారుతోంది. మేస్త్రిగారు వేళ్ళతో తట్టి చూసి, వచ్చే తుపానుకి ఇది నిలబడదన్నారు. క్రిస్మస్ లోపల కప్పు మార్చాలి. ఎలాగూ కప్పు మారుస్తున్నాం కదా అని, చర్చినంతా కొత్తగా తీర్చిదిద్దే బాధ్యత నా నెత్తిన పడింది. ఎవరూ పెట్టలేదు. నేనే ఎత్తుకుని పెట్టుకున్నాను.

ప్లాను అద్భుతంగా వచ్చింది. స్తంభాలు నాలుగూ తీసేసి ఇనుప దూలాలు. చాపల బదులు బెంచీలు. ఆ పొట్టి తలుపు మూసేసి అక్కడ మైకు సెట్టుకి బీరువా. రంగు పెన్నులతో మనుషుల్ని కూడా వేశాను, పదకొండు మందిని. అందరూ ప్యాంట్లు వేసుకుని, చేతిలో బ్యాగులతో, ఎక్కడికో బండి అందుకోవాలన్నట్టు నడుస్తున్నారు.

“బాగుంది బాబూ. మనవాళ్ళని కూడా ఒక మాట అడుగుదాం,” అన్నారు పాస్టరు జయశీలంగారు.

అడిగాను. ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి గంటన్నర సేపు అడిగాను. చివర్లో, “ఎవరికైనా సందేహాలున్నాయా?” అన్నాను. ఎవరికీ లేవు. దీనమ్మ అనే పెద్దావిడ మాత్రం ముందు వరసలోంచి నా ప్లాను వైపు చాలాసేపు చూసింది. ఆవిడ ఎప్పుడూ రెండో స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది.

“స్తంభం తీసేస్తే మీకు పాస్టరుగారు చక్కగా కనపడతారమ్మా,” అన్నాను.

“ఇప్పుడు వినపడతారు కదయ్యా,” అందావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒప్పుకున్నారని రాసుకున్నాను.

ఆ తర్వాతే అసలు చిక్కు మొదలైంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చర్చికి సున్నం ఆడించేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి, గానుగ పక్కనున్న కుండలో ఒక బెల్లం ముక్క వేసి, గానుగ రోకలి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి వెళ్తారు. ఆ బెల్లం నీళ్ళు కలిస్తేనే సున్నం పట్టు పడుతుంది. మూడు రోజులైంది. కుండ అడుగున ఒక్క చీమ కూడా లేదు.

దారిలో కనిపించినవాళ్ళనల్లా అడిగాను. “రేపొస్తామండీ ఇంజినీరుగారూ,” అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, రారని అర్థమైపోయింది.

నానుతున్న సున్నం గుంట పక్కన మేస్త్రిగారు టీ తాగుతున్నారు. మసీదులూ కోవెలలూ చర్చిలూ అనే తేడా లేకుండా యాభై ఏళ్ళు సున్నం పూసిన మనిషి. చేతి గీతలన్నీ సున్నానికి అరిగిపోయాయి. ఆయన చెయ్యి చూసి జాతకం చెప్పాలంటే కుదరదు.

“ఈ ఊరి జనం మంచివాళ్ళు కారు మేస్త్రిగారూ,” అన్నాను. “సభలో ఒప్పుకుని, పనికి రావడం లేదు.”

“సభలో ఎంతమంది మాట్లాడారు?”

“ఎంతమంది అంటే... నేనే మాట్లాడాను.”

“అయితే నువ్వు ఒప్పుకున్నావన్నమాట.” గ్లాసు అడుగున మిగిలిన టీని ఇసుకలో ఒంపారు. “మరి నువ్వే వెళ్ళి గానుగ తిప్పు.”

నాకు ఉక్రోషం వచ్చింది. సోమవారం స్తంభాలు పడగొట్టడం మొదలుపెట్టకపోతే క్రిస్మస్‌కి కొత్త కప్పు పడదు. కప్పు పడకపోతే ఈ చర్చి ఉండదు. ఆ మాటే అన్నాను.

“సోమవారమే కదా. మధ్యలో ఆదివారం ఉంది,” అన్నారాయన. “లోపల పెచ్చులు రాలుతున్నాయి, ఆరాధన బయట ఇసుకలో పెట్టుకొమ్మని పాస్టరుగారికి చెప్పు. నువ్వు తాడు కట్టొద్దు, గీత గీయొద్దు, చాపలు పరవొద్దు. పరంజా ఎక్కి కూర్చో. మాట్లాడకు.”

“ఆ చివరిది కొంచెం కష్టం మేస్త్రిగారూ.”

“అందుకే పైకెక్కమన్నది.”

ఆదివారం పొద్దున మంచు దట్టంగా ఉంది. సరుగుడు కర్రల పరంజా మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. కింద ఇసుక ఒక తెల్ల కాగితంలా ఉంది. నాకు చేతులు దురదపెట్టాయి.

గంట కొట్టారు. మంచులోంచి తెల్లచీరలు ఒక్కొక్కటిగా వచ్చాయి. అడుగుల చప్పుడు లేదు. ఒకావిడ ఇసుకలో ఒకచోట ఆగి చెప్పులు విడిచింది. తర్వాత వచ్చినవాళ్ళూ అక్కడే విడిచారు. అక్కడ గుమ్మం లేదు. ఆకాశం కింద, ఇసుక మీద, ఎవరూ చెప్పకుండా ఒక గుమ్మం మొలిచింది.

చాపలు పరిచారు. కుడివైపు ఆడవాళ్ళు, ఎడమవైపు మగవాళ్ళు, నడుమ దారి. అంతవరకు నాకు వింతనిపించలేదు. జనం నిండుతున్నకొద్దీ వాళ్ళ మధ్య ఖాళీలు తేలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చాపల అంచులు అక్కడికి వచ్చి ఆగిపోయాయి. ఇద్దరు పిల్లలు తరుముకుంటూ వచ్చి, ఒక ఖాళీ దగ్గర చెరో వైపుగా చీలి, అవతల మళ్ళీ కలిశారు.

వాళ్ళు లోపల స్తంభాల చుట్టూ ఎలా కూర్చుంటారో, బయట లేని స్తంభాల చుట్టూ అలాగే కూర్చున్నారు.

దీనమ్మ రెండో ఖాళీ పక్కన చేరింది. పాట మొదలవగానే కళ్ళు మూసుకుని, అలవాటుగా తల పక్కకి వాల్చింది. ఆ తల గాలిలో ఒకచోట ఆగింది. పడిపోలేదు. లోపల ఆ స్తంభం మీద, సరిగ్గా కూర్చున్న మనిషి తల ఎత్తులో, ఒక నల్లటి నూనె మరక ఉంది. ఆవిడదీ, వాళ్ళమ్మదీ, ఆ పైవాళ్ళదీ. పడగొట్టే ముందు కూడా దాన్ని గీకించాలని నేను నా పుస్తకంలో రాసుకున్నాను. నా శుభ్రత అలాంటిది.

బైబిలు వాక్యం చదువుతుండగా ఒక పసిబిడ్డ ఏడ్చింది. తల్లి లేచింది. దగ్గరి దారిన నాలుగడుగులు వేస్తే బయటపడుతుంది. అసలు ఉన్నదే బయట. కానీ ఆ తల్లి అందరి వెనకాలగా ఉత్తరం వైపు నడిచి, ఒకచోట ఆగి, బిడ్డ నెత్తి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, తను తల వంచి, దాటింది. దాటాక తల ఎత్తి, బిడ్డని భుజాన వేసుకుని సముద్రం వైపు తిరిగింది.

నాకు నవ్వు వచ్చింది. సగంలో ఆగిపోయింది.

మంచు కదులుతోంది. వెనకనున్న చర్చి ఒకసారి కనిపించి, ఒకసారి మాయమవుతోంది. అది మాయమైనప్పుడల్లా కిందనున్నది ఇంకాస్త చర్చిలా ఉంది. కాసేపటికి నేను దేని పరంజా మీద కూర్చున్నానో నాకే తెలియలేదు. నా ఒళ్ళో చుట్ట చుట్టిన ప్లాను మంచుకి తడిసి మెత్తబడింది. లోపల ప్యాంట్ల మనుషులు పదకొండు మందీ రంగులు కారుతూ ఉండి ఉంటారు.

ఆరాధన అయింది. జనం వెంటనే లేవలేదు. అక్కడక్కడా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మేస్త్రిగారు పరంజా కింద నిలబడి ఉన్నారు. చెప్పులు లేవు. అవి అందరి చెప్పులతో పాటు, ఆ లేని గుమ్మం దగ్గర ఉన్నాయి.

నేను దిగాను. ఆయన పునాది మార్కింగుకి వాడే సున్నప్పొడి డబ్బా నా చేతికిచ్చారు.

“ముగ్గు పొయ్యి,” అన్నారు.

జనం మధ్యకి వెళ్ళాను. మొదటి ఖాళీ చుట్టూ వంగి ముగ్గు పోశాను. లోపలి స్తంభం కొలతలు నాకు కంఠతా వచ్చు. పోశాక చూస్తే బెత్తెడు కూడా తేడా లేదు. రెండోది పోస్తుంటే దీనమ్మ కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. మూడు, నాలుగు. తర్వాత ఆ పొట్టి తలుపు.

అప్పుడు ఐదోది కనిపించింది.

ఆడవాళ్ళ వైపు, దీనమ్మకి రెండు చాపల అవతల, ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. రెండు పక్కలా చాపలు వచ్చి ఆగాయి. లోపల ఆ చోట స్తంభం లేదు. గోడా లేదు. ఉత్త నేల.

డబ్బా పట్టుకుని వెనక్కి వచ్చాను. “మేస్త్రిగారూ, అక్కడేమీ ఉండదే. మరి ఆ ఖాళీ ఏమిటి?”

ఆయన నావైపు చూశారు. తర్వాత, చాప దులుపుకుంటున్న దీనమ్మ వైపు చూశారు.

“నన్నెందుకు అడుగుతావు అబ్బాయ్?” అన్నారు.

వెళ్ళాను. దీనమ్మ చాప చంకన పెట్టుకుని నిలబడింది. నా వెనక ఇంకా కొందరు ఆగారు. నా నోట్లో ప్రశ్న సిద్ధంగా ఉంది. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

“అమ్మా, స్తంభాలు తియ్యడం లేదండి. ఉంచేస్తున్నాను. ఆ తలుపు కూడా. బెంచీలు వద్దు. నేను చూసుకుంటాను,” అన్నాను. ఇంకో రెండు మూడు విషయాలు కూడా చెప్పాను. ఆ ఊపులో దూలాల గురించి కాస్త వివరంగానే చెప్పాను.

ఆవిడ ఓపికగా విన్నది. “మంచిదయ్యా,” అంది. వెళ్తూ వెళ్తూ, నా చేతిలోని తడిసిన ప్లాను చూసి, “పిల్లలకి ఇవ్వు, గాలిపటం చేసుకుంటారు,” అంది.

సోమవారం పొద్దున పనికి వెళ్ళేసరికి గానుగ తిరుగుతున్న చప్పుడు సందు చివరికే వినిపించింది. బెల్లం కుండ నిండి ఉంది. చీమలు బారులు తీరాయి. రోకలి పట్టుకున్న వరసలో ముందు పాస్టరు జయశీలంగారు, వెనక మౌలాలి మేస్త్రిగారు. నన్ను చూసి మేస్త్రిగారు పక్కకి జరిగి చోటిచ్చారు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు కొత్త కప్పు పడింది. నూనె మరక ఉన్నచోట మాత్రం కొత్త సున్నం పూయకుండా వదిలేశాం. ఆ తర్వాత రెండు తుపానులు వచ్చి వెళ్ళాయి. తెల్లగుడి అలాగే ఉంది.

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనకి నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. జనం గోడల దాకా నిండిపోయారు. పక్క ఊళ్ళవాళ్ళు బయట నిలబడ్డారు. ఆ ఐదో చోటు ఖాళీగానే ఉంది. కిటికీలోంచి ఎండ వచ్చి అక్కడ కూర్చుంది.

మేస్త్రిగారు పోయి ఆరేళ్ళయింది. తెల్లగుడి అసలు ప్లాను, ముగ్గు చూసి గీసుకున్నది, మా ఇంట్లో గోడకి ఉంది. నాలుగు నల్ల చతురస్రాలు, ఒక పొట్టి తలుపు, ఒక చిన్న సున్నా. వచ్చినవాళ్ళు ఆ సున్నా ఏమిటని అడుగుతారు. అది సాంకేతిక విషయమని చెప్తాను.

దీనమ్మ ఇంకా ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ కనిపిస్తుంది, బాగున్నావా ఇంజినీరూ అంటుంది. ఆ చోటు ఎవరిదని ఒక్క ముక్క అడిగితే చెప్తుంది. నేను కప్పు ఎలా ఉందో చెప్తాను, గోడల్లో చెమ్మ గురించి చెప్తాను, ఆవిడ మోకాళ్ళకి ఏ నూనె మంచిదో కూడా చెప్తాను.

అడగడం మాత్రం నాకింకా రాలేదు.