వైద్యశాలకు వచ్చిన ఓర్పు పండితుడు

ఒక రాజ్యంలో ఒక వైద్యశాల. అందులో గాయాలకు కట్లు కట్టడానికి ఒకప్పుడు చాలామంది ఉండేవారు. కొందరు జబ్బుపడి, కొందరు విసిగిపోయి, మిగతావాళ్లు చెప్పకుండానే వెళ్లిపోగా చివరికి ఒక్కతే మిగిలింది. ఆమెను అందరూ కట్లమ్మ అనేవారు.

నడుస్తూ తినడం, నిలబడి కునకడం ఆమెకు అలవాటైపోయింది. తోడుగా మనుషుల్ని పంపమని రాజుగారికి కబురు పెట్టింది. మంత్రి బాగా ఆలోచించి, అక్కడ తక్కువైంది మనుషులు కాదు, ఓర్పు అని తేల్చాడు. అందుకని ఓర్పు పండితుణ్ణి పంపాడు.

పండితుడు మంచివాడే. కాకపోతే ఓర్పు గురించి ఆయనకు తెలిసిందంతా పడక్కుర్చీలో తెలిసిందే. ఇంట్లో మజ్జిగ కాస్త పులిస్తే ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఈ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే పాఠం ఎప్పుడూ పొరుగూళ్లోనే చెప్పేవాడు.

ఆయన వచ్చేసరికి కట్లమ్మ ఒక కట్టెలు కొట్టేవాడి తొడ మీద గుడ్డ అదిమిపట్టి నిలబడి ఉంది. గొడ్డలి జారి లోతుగా దిగింది. కుట్లు వేసే వైద్యుడు పక్క ఊరి నుంచి రావాలి. అందాకా చెయ్యి తీస్తే మనిషి దక్కడు.

పండితుడు గొంతు సవరించుకుని, ముందు కూర్చోమన్నాడు. నిలబడి వింటే పాఠం వంటబట్టదన్నాడు. రాజాజ్ఞ అని కూడా గుర్తుచేశాడు.

"అలాగే పంతులుగారూ. అయితే ఇది మీరు పట్టుకోండి," అంది కట్లమ్మ.

కాదనడానికి మాట తోచేలోపే ఆయన రెండు చేతులూ గుడ్డ మీదికి చేరాయి. ఆమె గోడకు జారగిలబడి కళ్లు మూసుకుంది.

గాలివానకు వంగి మళ్లీ లేచే వెదురు గురించి ఆయన మొదలుపెట్టాడు. వెదురు ఇంకా వంగకముందే ఆమె గుర్రు పెట్టింది. కాసేపటికి పండితుడికి మణికట్లు లాగాయి, తర్వాత నడుం. వెదురు లేచిందో లేదో ఆయనకే గుర్తులేదు. ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోవడానికి చెయ్యి లేదు. ఆమెను లేపుదామని నోరు తెరిచాడు గానీ, ఆ మొహం చూశాక మనసొప్పలేదు.

పాఠం ఆగిపోయేసరికి కట్టెలు కొట్టేవాడు కాస్త ధైర్యం చెప్పాడు.

"పాఠం ఆపినా నేను పోను సామీ. చెయ్యి తీస్తేనే పోతాను."

అంతలో మంత్రి తనిఖీకి వచ్చాడు. నిద్రపోతున్న కట్లమ్మను చూసి, పాఠం ఎంత బాగా తలకెక్కిందోనని మురిసిపోయాడు. చెమటలు కక్కుతున్న పండితుణ్ణి చూసి, ఇంత లీనమై చెప్పేవాళ్లు అరుదన్నాడు.

"అయ్యా, ఇక్కడ కావలసింది పాఠం కాదు, ఇంకో మనిషి. వెంటనే పంపండి," అన్నాడు పండితుడు పళ్లబిగువున.

మంత్రి జాలిగా తలూపాడు. పాపం, పండితుడికే ఓర్పు అయిపోయిందని బయటికెళ్తూ భటుడితో అన్నాడు.

వైద్యుడి జాడ ఇంకా లేదు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు ఊరడం మొదలైంది. పండితుడు ఒంటి బరువంతా మోపి అదిమాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. శాలువా కప్పుకున్న ఒకాయన లోపలికొచ్చాడు. తాను మహా ఓర్పు పండితుణ్ణనీ, మంత్రిగారు పంపితే వచ్చాననీ చెప్పాడు. ఈ పండితుడికి పాఠం చెప్పాలట, కాస్త కళ్లు మూసుకోమన్నాడు.

పండితుడు కళ్లు మూసుకోలేదు. వచ్చినాయన మొహం కూడా చూడలేదు. శాలువా అంచున ఊరికే వేలాడుతున్న ఆయన రెండు చేతుల్నీ చూశాడు. మంచి పుష్టిగా ఉన్నాయి.