భయం పోగొట్టే బడి

గుండ్లవాగు అడవి కుందేళ్ళలో కొండ మీది ఏనుగు దగ్గరికి చదువుకోవడానికి వెళ్ళిన మొదటి కుందేలు సుభాషిణి. అక్కడ ఆమె నేర్చుకున్నది పరుగూ కాదు, బొరియ తవ్వడమూ కాదు. పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో నేర్చుకుంది. ఏ వయసు పిల్లకి ఎంత చెప్పాలి, అర్థం కానిదాన్ని ఆటగా ఎలా మార్చాలి, నోరు విప్పని పిల్ల చేత ఎలా మాట్లాడించాలి, ఇవన్నీ ముసలి ఏనుగు ఓపిగ్గా నేర్పాడు. బెదిరిన పిల్ల బుర్రకి ఏదీ ఎక్కదని ఆయన తరచూ అనేవాడు.

వాగు ఒడ్డున ఎలుగుబంటి వీరభద్రయ్య నడిపే బడిలో చేరదామని ఆమె కొండ దిగి వచ్చింది. వచ్చి చూస్తే బడి లేదు. వరద ఒడ్డునంతా కోసుకుపోయింది. వీరభద్రయ్య మిగిలిన బండ మీద ఒక్కడే కూర్చుని నీళ్ళవంక చూస్తున్నాడు.

"బడే లేనప్పుడు నీకు ఉద్యోగం ఎక్కణ్ణుంచి తేనమ్మా," అన్నాడు తలెత్తకుండానే.

అక్కణ్ణుంచి సుభాషిణి తిరగని చోటు లేదు. పరుగు నేర్పేవాళ్ళయితే కావాలిగానీ, పాఠం చెప్పడం నేర్చుకున్నవాళ్ళతో మాకేం పని అన్నాయి దుప్పులు. ఇంత చదివినదానివి మా దగ్గర ఎన్నాళ్ళుంటావులే అని కోతులు నవ్వాయి. ముళ్ళపంది అనుభవం ఉందా అని అడిగింది. అనుభవం కోసమే వచ్చానంటే, అయితే అది వచ్చాక రమ్మంది.

ఆమె ఈడువాళ్ళందరికీ సొంత బొరియలున్నాయి, పిల్లలున్నారు. తల్లి మాత్రం ఒక్క మాటా అనేది కాదు. లేత గడ్డి ఏరి తెచ్చి కూతురి ముందు పెట్టి వెళ్ళేది. సుభాషిణి అందులో సగం తిని మిగతాది పక్కకి నెట్టేది. చదివిన చదువు ఇక ఎందుకూ కొరగాదేమోనన్న భయం పట్టుకుంది. ఎవరైనా ఎదురొస్తే ఏం చేస్తున్నావని అడుగుతారేమోనని పొదల చాటు నుంచి నడవడం మొదలుపెట్టింది.

అలాంటప్పుడు నక్క కామేశం వచ్చాడు.

కుందేలు ఇంటికి నక్క వస్తే ఎవరైనా పారిపోతారు. కానీ కామేశం సంగతి వేరని అడవిలో పేరు పడింది. వరదలో కొట్టుకుపోతున్న అడవికోడి పిల్లల్ని వీపు మీదెక్కించుకుని గట్టుకి చేర్చాడు. ఆనాటి నుంచి మాంసం ముట్టడం లేదని చెప్పుకున్నాడు. తల్లులు ఆయన్ని దేవుడిలా చూస్తున్నారు. ఆయన ముళ్ళకంపకి అవతలే ఆగి, తల వంచి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"పంతులమ్మగారూ, బండల మధ్య గుహలో ఒక బడి పెడుతున్నాను. మన పిల్లలకి నీడని చూసినా భయమే. వాళ్ళ భయం పోగొట్టాలి. కొండ మీద చదివిన మీకంటే ఆ పని తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

బెదిరిన పిల్ల బుర్రకి ఏదీ ఎక్కదన్న గురువుగారి మాటనే ఈయన ఇంకోలా చెబుతున్నాడనిపించింది సుభాషిణికి. పంతులమ్మగారూ అన్న పిలుపు అంతకంటే తియ్యగా తాకింది. మర్నాడే బడిలో చేరింది.

కుందేలు పిల్లలు, ఉడుత పిల్లలు, అడవికోడి పిల్లలతో గుహ కళకళలాడింది. సుభాషిణి పాటలు కట్టింది, ఆటలు ఆడించింది. తల్లులు మెచ్చుకున్నారు. బొరియలో ఆమె మళ్ళీ తలెత్తి తిరిగింది. కామేశం చెప్పమన్న పాఠం ఒక్కటే ఆమెకి మింగుడు పడలేదు. ఆయన సన్నగా ఊళపెట్టగానే పిల్లలంతా కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చోవాలి. ఆయన వాళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా నడుస్తాడు. ఎవరూ ఉలిక్కిపడకపోతే భయం పోయినట్టు.

మొదటిసారి ఆ పాఠం చెప్పినప్పుడు సుభాషిణి వెనక కాలు దానంతటదే నేలని గట్టిగా కొట్టింది. ప్రమాదం పసిగట్టిన కుందేలు తనవాళ్ళకి ఇచ్చే హెచ్చరిక అది. ఆ చప్పుడుకి కుందేలు పిల్లలు కళ్ళు తెరిచేశారు. ఆమె రెండో కాలితో ఆ కాలిని అదిమిపెట్టి, ఏం లేదు, కళ్ళు మూసుకోండి అని వాళ్ళని మందలించింది. పిల్లలు టీచరు మాట నమ్మారు. కామేశం వెళ్ళాక చూస్తే, ఆయన నడిచిన దారి పొడవునా బండ మీద తడి చారలున్నాయి. ఆయన నోటి నుంచి కారినవి. అది చూసి కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు. పొదల చాటు నుంచి నడిచిన రోజులు గుర్తొచ్చాయి.

కొన్నాళ్ళకి కామేశం పిల్లలకి పట్టాలిచ్చే పండుగ చేస్తానన్నాడు. పొరుగు కొండల నుంచి తన బావమరుదులు కూడా వస్తున్నారన్నాడు. అలా అన్న మర్నాటి ఉదయం సుభాషిణి బడికి వచ్చేసరికి లోపల ఎప్పుడూ లేని చీకటి. గుహకి వెనకవైపు ఇంకో దారి ఉండేది, దానిలోంచే వెలుతురు వచ్చేది. ఇప్పుడు దాన్ని పెద్ద పెద్ద రాళ్ళతో బిగించేశారు. ఆమె కారణం అడిగింది.

"చలిగాలి పంతులమ్మగారూ. పిల్లలకి జలుబు చేస్తుంది," అన్నాడు కామేశం. తర్వాత ఆమె దగ్గరగా వచ్చి, "మీకు ఈ ఉద్యోగం కావాలి కదా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తల ఊపింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ ఎటూ తేల్చుకోలేకపోయింది. పారిపోతే తను బతుకుతుంది, పిల్లలు మిగలరు. తల్లులకి చెబితే సగంమంది నమ్మరు. నమ్మినవాళ్ళ నోట మాట పొక్కితే కామేశం పండుగ దాకా ఆగడు. చివరికి వాగు ఒడ్డుకి వెళ్ళి వీరభద్రయ్య ముందు కూలబడింది.

"మాస్టారూ, నాకు భయంగా ఉంది. ఆ పిల్లలకి భయం లేకుండా చేసింది నేనే."

ఎలుగుబంటి జరిగిందంతా విన్నాడు. తర్వాత లేచి నిలబడి, "నేనేం చెయ్యాలో చెప్పు," అన్నాడు.

మర్నాడు ఆమె కామేశంతో వినయంగా మాట్లాడింది. తల్లులు చిన్నపిల్లల్ని ఇంకా ఇంటి దగ్గరే ఉంచుకుంటున్నారని, పండుగనాడు తల్లులు చూస్తుండగా ముందు ఆయనా, బావమరుదులే గుహ లోపలి వరసలో కళ్ళు మూసుకు కూర్చుంటే తల్లులకి పూర్తి నమ్మకం కుదిరి, ఆ చిన్నవాళ్ళని కూడా పంపుతారని చెప్పింది. కొండ మీద ఇదే ఆచారమంది. ఇంకా పిల్లలు వస్తారనేసరికి కామేశం కళ్ళు మెరిశాయి. సరేనన్నాడు.

బావమరుదుల్ని పిలవడానికి ఆయన వెళ్ళినప్పుడు సుభాషిణి పిల్లలకి కొత్త ఆట నేర్పింది. టీచరు కాలు చప్పుడు కాగానే కళ్ళు తెరవాలి. అందరికంటే చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక, అడుగు చప్పుడు కాకుండా బయటికి పోవాలి. తప్పు చేసినవాళ్ళని ఆమె కోప్పడలేదు. మళ్ళీ మళ్ళీ ఆడించింది, వాళ్ళకి అది అలవాటయ్యే దాకా.

పండుగ పొద్దున తల్లులు గుహకి ఎదురుగా ఉన్న మిట్ట మీద కూర్చున్నారు. నక్కలు లోపలి వరసలో వాళ్ళకి కనబడేలా కూర్చుని కళ్ళు మూసుకున్నాయి. పిల్లలు గుమ్మం వైపు నిలబడి, కళ్ళు మూసుకుని పాట అందుకున్నారు. ఒక బావమరిది కడుపు గురగురమనడం సుభాషిణికి వినబడింది. ఆమె కాలు నేలని తట్టింది.

చిన్నవాళ్ళు కదిలారు. ఒక్కొక్కరే జారుకుంటుంటే పాట పలచబడుతోంది. ఆ లోటు పూడ్చడానికి సుభాషిణి గొంతు పెంచి పాడింది.

"పంతులమ్మగారూ, పాట తగ్గిందేం?" అన్నాడు కామేశం చీకట్లోంచి.

"చిన్నవాళ్ళు అలిసిపోయారు కామేశంగారూ. కళ్ళు తెరవకండి, తల్లులు చూస్తున్నారు."

ఆఖరి ఉడుత పిల్ల గుమ్మం దాటింది. ఇక గుహలో ఒక్క గొంతే మిగిలింది. కామేశం కళ్ళు తెరిచాడు. ఆమె పాట మధ్యలో వదిలేసి ఒక్క గెంతు గెంతింది. ఆయన పళ్ళు ఆమె తోక వెంట్రుకల్ని పీకాయి. ఆమె వెలుగులోకి వచ్చి పడగానే, గుమ్మం పక్కన కాచుకుని ఉన్న వీరభద్రయ్య బండని దొర్లించాడు. గుమ్మం మూసుకుపోయింది.

లోపల కాసేపు గీకుళ్ళు, తిట్లు వినిపించాయి. తర్వాత బండ సందులోంచి ఆ పాత మర్యాద గొంతే వచ్చింది.

"బడి మూసేస్తే మీ ఉద్యోగం కూడా పోతుంది పంతులమ్మగారూ."

"తెలుసు కామేశంగారూ," అంది సుభాషిణి. మిట్ట ఎక్కి పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది.

కళ్ళు మూసుకోవడం నేర్పింది ఆమేనని తెలిసి కొందరు తల్లులు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమె వాళ్ళని తప్పు పట్టలేదు. తర్వాత దుప్పుల మంద నుంచి కబురొచ్చింది, ఏ వాసనకి ఆగాలో ఏ వాసనకి పరుగెత్తాలో మా పిల్లలకి నేర్పుతావా అని. కొండ మీద ఎవరూ ఆమెకి ఆ పాఠం చెప్పలేదు. ముందు ముసలి దుప్పుల దగ్గర కూర్చుని తను నేర్చుకుంది, ఆపైన ఆటగా మార్చి పిల్లలకి నేర్పింది. గోడలున్న బడి ఆమెకి దొరకలేదు. మంద నుంచి మందకి తిరిగే టీచరయింది.

గుహలో చిక్కుకున్న బావమరుదులు ఆకలికి తాళలేక కామేశం మీదే పడ్డారు. తాను బిగించిన రాళ్ళనే తన గోళ్ళు అరిగేలా లాగి, చెవి చిరిగి, ఎముకల గూడులా బయటపడి, ఆయన కొండలు దాటి పోయాడు.

పని దొరకదన్న భయంలో కూడా, దొరికిన పని ఎవరి కడుపు నింపుతుందో అడిగి చూసుకోవాలి.