పాలిచ్చే అట్టపెట్టె

జొన్నాడ వారింట్లో తెలివి ఎక్కడ కారిపోతుందోనని పడుకునే ముందు అందరూ తలకి తువ్వాలు బిగించుకునేవారు. కోడలు తౌడమ్మకైతే ఏకంగా రెండు తువ్వాళ్ళు. ఆవిడ ప్రాణాలన్నీ మాత్రం చుక్కమ్మ అనే గేదె మీదే ఉండేవి.

ఒకనాడు పట్నం నుంచి డిజైను చదివే సునయన అనే అమ్మాయి వచ్చి, వెండిరంగు పూసిన అట్టపెట్టె ఒకటి అరుగు మీద పెట్టింది. "ఇది ఉత్త నమూనా అండి. ఇరవై ఏళ్ళ తర్వాత పాలిచ్చే యంత్రాలొస్తే మన బతుకులు ఎలా మారతాయో ముందే తెలుసుకోవాలని మా పరిశోధన. ఇరవై ఏళ్ళు గడిచిపోయినట్టే ఒక వారం ఉండండి. ఏం బాగుందో, ఏం బాధేసిందో చెప్పండి" అంది.

"దానికేం భాగ్యం" అన్నాడు తౌడమ్మ మొగుడు సూరిదేముడు.

అంతే, ఆ పిల్ల వీధి మలుపు తిరిగిందో లేదో, చుక్కమ్మ పలుపు విప్పేశాడు. యంత్రం ఉన్నింట్లో గేదె ఎందుకని పక్కూళ్ళో తన అక్క ఇంటికి తోలేశాడు. తౌడమ్మ వీధి చివరిదాకా దాని వెంట నడిచింది. పరిశోధన కదా అని అక్కణ్ణుంచి వెనక్కి తిరిగొచ్చింది.

పెట్టె కింద తపేలా పెట్టారు. చుక్క రాలలేదు.

"ఇరవై ఏళ్ళు గడవందే ఎలా ఇస్తుందయ్యా?" అంది తౌడమ్మ.

ఇంకేముంది, ఆ పూటే ఇరవై ఉగాదులు చేసేశారు. పచ్చడి కలపడం, నాకడం, ఏడాది అయిందనడం. పదకొండో ఏటికే వేపపువ్వు దెబ్బకి సూరిదేముడి మూతి వంకరపోయింది. ఇరవయ్యీ అయ్యాక జుట్టుకి విభూది పూసుకుని నడుం వంచి నడిచారు.

అప్పుడు గుర్తొచ్చింది, అత్తగారు పైడమ్మకి ఎనభై రెండు. దానికి ఇరవై కలిపితే ఇంకెక్కడుంటుంది? అంతే, ఆవిడ మెడలో దండేసి, గోడకి చేరేసి ఘొల్లుమన్నారు. వాళ్ళతోపాటు పైడమ్మా ఏడ్చింది, ఎంత మంచిదాన్నిరా నేను అనుకుంటూ. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "పోయినదానికి కాఫీ ఇవ్వకూడదేంటే?" అని అడిగింది.

"పాలు లేవత్తా."

"పోయి కూడా సుఖం లేకపోయె."

మేత పెట్టందే ఏది పాలిస్తుందిలే అని తౌడమ్మ పెట్టె మీద బిందెడు కుడితి పోసింది. పెట్టె కాస్తా ముద్దయి కూర్చుంది.

వారానికి సునయన వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఊహించుకోమన్నానండీ, అంతే. సరే, ఏం బాధేసింది?"

"చుక్కమ్మ లేని పాక చూడలేకపోతున్నానమ్మా" అంది తౌడమ్మ.

"నాక్కావలసింది ఆ మాటే. ఇక ఆట అయిపోయింది, వెళ్ళి తెచ్చుకోండి."

మొగుడూ పెళ్ళాలు పక్కూరికి పరుగెత్తారు. ఆడబిడ్డ పాకలో చుక్కమ్మ తౌడమ్మని చూసి అరిచి, చెయ్యి నాకింది. తౌడమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. మెడ నిమిరి, దాని నోరు తెరిపించి పళ్ళు చూసింది. అన్నీ గట్టిగా ఉన్నాయి.

"ఇది మనది కాదయ్యా. ఇరవై ఏళ్ళకి ఇంత పడుచుగా ఎలా ఉంటుంది? దాని మనవరాలై ఉంటుంది, అచ్చం పోలికలే."

ఆడబిడ్డ ఎంత మొత్తుకున్నా ఇద్దరూ వినలేదు. పాక చివర ఎముకలు తేలి, పళ్ళూడిన ముసలి దున్నపోతు ఒకటి నిలబడి ఉంది. తౌడమ్మ దాని మెడ వాటేసుకుని, "ఎంత మారిపోయావే తల్లీ" అని బావురుమంది. దారి పొడుగునా గడ్డి తినిపిస్తూ ఇంటికి తోలుకొచ్చి, అత్తగారి కాఫీ కోసం తపేలా ముందేసుకుని పితకడానికి కూర్చుంది.