ఎద్దు నోటికి కోడిపుంజు నియమం

పగలంతా దుక్కి దున్ని వచ్చిన ఎద్దుకు సాయంత్రం గడ్డి నమలడం కంటే సుఖం ఏముంటుంది? ఊరి చివరి దొడ్లో గంగన్న అనే ముసలి ఎద్దుకు మిగిలిన సుఖం అదొక్కటే. కోళ్ళకు భక్తి ముదిరాక అదీ పోయింది పాపం.

ఆ దొడ్లో కోళ్ళు వెలుగు దేవుణ్ణి కొలుస్తాయి. పొద్దుగూకితే మళ్ళీ తెల్లారేదాకా గింజ ముట్టవు. చీకట్లో ఎలాగూ కళ్ళు కనపడవు కనక కోళ్ళకు అదేమంత కష్టమైన నిష్ఠ కాదు. కానీ పెద్దపుంజు సూరయ్యకు తాము పస్తుంటే చాలలేదు. పెట్టలన్నిటినీ తీసుకొచ్చి గంగన్న గడ్డిగాడి మీద కూర్చోబెట్టాడు.

"ఏమోయ్ గంగన్నా, ఇవాళ్టి నుంచి పొద్దుగూకాక ఈ దొడ్లో ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే దేవుడికి కోపం."

"మీ దేవుడికి మీరు మొక్కుకోండయ్యా, నేను వద్దన్నానా? నేను పొలం నుంచి వచ్చేదే పొద్దుగూకాక. ఇంకెప్పుడు తినను?"

"పొద్దున్నే తిను."

"పొద్దున్నే మెడమీద కాడి ఉంటుంది నాయనా."

"అది నీ ఖర్మ. నియమం నియమమే."

గంగన్న గడ్డికి మూతి చాపితే పెట్టలు చీకట్లో తడుముకుంటూనే ముక్కు మీద టకటకా పొడిచాయి. పోట్లాడే ఓపిక ఎక్కడిది? నోరు మూసుకుని పడుకున్నాడు. రోజూ ఇదే వరస. చివరికి ఒకరోజు ఆకలితో పొలంలో నాగటిచాల్లోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "దీని పనయిపోయింది, వచ్చే సంతకి తోలేద్దాం" అన్నాడు రైతు. సంతలో ముసలి ఎద్దును ఎవరు కొంటారో గంగన్నకు తెలుసు.

ఆ సాయంత్రం కంచె సందులోంచి నక్క దూరింది. నేరుగా గాడి దగ్గరికి వచ్చింది.

"రంకెయ్యి గంగన్నా! రైతును పిలు!" సూరయ్య గొంతు చించుకున్నాడు.

గంగన్న నోరు మెదపకుండా తల అడ్డంగా ఊపాడు.

"అవును మరి," అంది నక్క తీరిగ్గా మూతి నాక్కుంటూ. "పెద్దాయన ఇప్పుడు నోరు తెరిస్తే పాపం కదా? ఆ రంకెకి భయపడే ఇన్నాళ్ళూ ఇటు రాలేదు. నీ నియమం సంగతి విన్నాకే ధైర్యం వచ్చింది సూరయ్యా. నీ దేవుడు చల్లగా ఉండాలి."

అంటూనే సూరయ్య తోక పట్టుకుంది.

"గంగన్న మావా! నీ కాళ్ళు పట్టుకుంటా! ఆ నియమం మాది, నీది కాదు! రంకెయ్యి, తిను, నీ ఇష్టం!"

ఉన్న కాస్త ఓపికా కూడగట్టుకుని గంగన్న రంకె వేశాడు. రైతు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నక్క నోట్లో తోక ఈకలతోనే ఉడాయించింది. గాడినిండా కోళ్ళు, గడ్డినిండా రెట్టలు చూసి రైతు తల కొట్టుకున్నాడు.

"ఓరి మీ దుంపతెగ! ఎద్దు ఇందుకా చిక్కిపోయింది? అన్యాయంగా అమ్మేసేవాణ్ణే!"

కోళ్ళను తరిమి, గాడి కడిగి, పచ్చగడ్డి వేశాడు. గంగన్న కళ్ళు మూసుకుని నమలసాగాడు. తోకలేని సూరయ్య దూలం మీంచి తొంగిచూశాడు.

"కాస్త మెల్లగా నములు మావా, దేవుడు వింటాడు."

"విననీ నాయనా. ఆయనకు లేని బాధ నీకెందుకు?"

ఎవరి నిష్ఠ వాళ్ళ కడుపు వరకే. పక్కవాడి నోరు కట్టేస్తే, నీకు ఆపదొచ్చిన పూట పలికే నోరుండదు.