నల్లదిబ్బ గేటు ఆసుపత్రిలో సగం గ్లాసు మజ్జిగ

నల్లదిబ్బలో ఇప్పుడు రైలు కోసం ఎవరూ ఆగరు. పైవంతెన కట్టాక గేటును తీసివేశారు. అయినా వంతెన నీడలో పది పడకలతో నడిచే ఈ చిన్న వైద్యాలయాన్ని శివారు ప్రజలు నేటికీ గేటు ఆసుపత్రి అనే పిలుస్తారు. వచ్చినవారికి గుమ్మంలోనే మజ్జిగ కుండ కనిపిస్తుంది.

పూర్వం ఇక్కడ గేటు కాపలాదారు సింహాద్రి, ఆయన భార్య పైడమ్మ కాపురముండేవారు. పెద్దాసుపత్రి పట్టాలకు అవతల, పట్నంలో ఉండేది. గేటు పడితే రోగిని మోసుకొచ్చిన మంచమైనా సరే, బండి దాటేవరకు ఆగవలసిందే. అలా ఆగినవారికి పైడమ్మ మజ్జిగ పోసేది. ముందుగా తోడు వచ్చినవారి చేతికే గ్లాసు ఇచ్చి, "నువ్వు పడిపోతే ఆయన్నెవుడు మోస్తాడు? తాగు!" అని గదమాయించేది.

ఒక వేసవి మధ్యాహ్నం ఆమెకే గుండెనొప్పి వచ్చింది. పొరుగువారు రిక్షా ఎక్కించి తెచ్చేసరికి, గూడ్సుబండి కోసం సింహాద్రి గేటు వేసి ఉన్నాడు. బండి జాడ ఇంకా లేదు. గేటు ఎత్తితే రిక్షా దాటిపోతుంది. కాని దాని వెనుకే జనంతో నిండిన బస్సు ఉన్నది, అదీ కదులుతుంది. బండికి దారి ఇచ్చాక గేటు ఎత్తరాదన్నది ఆయన కొలువు నియమం. ఆయన చెయ్యి గేటు ఎత్తే పిడి మీదికి పోవడం పైడమ్మ చూసింది.

"ఎత్తకు. ఆ బస్సులోళ్లకి ఎవుడు జవాబు చెప్తాడు?" అన్నది. ఆయన కంట నీరు చూసి, "ఊరందర్నీ ఆపినోడివి, పెళ్లాన్నొక్కదాన్నీ ఆపలేవేటి?" అని నవ్వించబోయింది.

బండి దాటింది. పెద్దాసుపత్రి గుమ్మం చేరకముందే ఆమె ఊపిరి ఆగిపోయింది.

పెద్దకర్మ మరునాటి తెల్లవారుజామున ఆమె కలలో కనిపించి, "అవతలకెందుకయ్యా? ఇవతలే ఒక గది కట్టు" అన్నదట. సింహాద్రి ఇల్లు కట్టుకోవడానికి దాచుకున్న స్థలాన్ని ఆసుపత్రి కోసం అప్పగించాడు. పట్నం పెద్దాసుపత్రి డాక్టరు హైమావతిగారు అక్కడ కట్టిన రేకుల గదిలో మొదటి మంచం వేయించారు. నాటినుండి పురిటికీ, పాముకాటుకూ ఈ శివారువారికి పట్టాలు దాటే పని తప్పింది.

నేటికీ రోగిని లోపలికి తీసుకున్న వెంటనే తోడు వచ్చినవారికి ఇక్కడ మజ్జిగ ఇస్తారు. నయమై ఇంటికి వెళ్లే రోజున ఇద్దరూ ఒకే గ్లాసు పంచుకుంటారు. మొదటి సగం తోడు వచ్చినవారిది. అలా తాగినవారి జంట చిరకాలం విడిపోదని నమ్మకం.

పైడమ్మకు గుండెనొప్పి వచ్చిన ఆనాడు, మూసిన గేటు ముందు జరిగినదీ అదే. బండి కూత వినబడేలోగా పైడమ్మ మజ్జిగ తెప్పించి, ముందు భర్తకే ఇచ్చింది. ఆయన సగం తాగి, "ఉప్పెక్కువైంది" అన్నాడు.

"రోజూ అదే మాట" అని ఆమె మిగతా సగం తాగి, గ్లాసు ఆయన చేతికి తిరిగి ఇచ్చింది.